బెంచి మీద రెండో మనిషి

(వ్యాయామ విద్య విద్యార్థులు, కోచ్‌ల సమావేశంలో ఒక క్రీడా విలేఖరి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఏళ్ళ తరబడి పనిచేసిన అసిస్టెంట్ కోచ్‌లకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆటలో గొప్పవాళ్ళ పేర్లు నిలిపే గౌరవ మందిరంలో, చోటివ్వాలా? ఇదీ నాకిచ్చిన విషయం. జవాబు ముందే చెప్పేస్తాను. భోజనం చేసి వచ్చారు కాబట్టి ఆ తర్వాత ఎవరికైనా కునుకు పట్టినా ఇబ్బంది లేదు. ఇవ్వాలి. కాకపోతే ఏళ్ళ తరబడి పనిచేశారన్న కారణంతో మాత్రం ఇవ్వకూడదు.

నేను స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసినవాణ్ణి. కప్పు గెలిచిన జట్టు ఫొటో వస్తే కింద పేర్లు వెయ్యాలి. కెప్టెన్ పేరు, కోచ్ పేరు, కప్పు అందించిన మంత్రిగారి పేరు, ఆ పక్కన నించున్న అసోసియేషన్ అధ్యక్షుడి పేరు. అంతే, చోటు అయిపోతుంది. చివర్లో 'తదితరులు' అని వేసి పేజీ పంపిస్తారు. అసిస్టెంట్ కోచ్ ఎప్పుడూ ఆ తదితరుల్లోనే ఉంటాడు. మంత్రిగారు ఆ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా చూసి ఉండరు, అది వేరే సంగతి.

ఈ చర్చ అసలు అమెరికాది. అక్కడ ఒక్కో ఆటకు ఒక్కో హాల్ ఉంది. బాస్కెట్‌బాల్‌కి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్, వాళ్ళ ఫుట్‌బాల్‌కి ఒహాయోలోని క్యాంటన్, బేస్‌బాల్‌కి న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్. ఎవరు లోపలికి వెళ్ళారు, ఎవరు బయట ఉండిపోయారు అన్న లెక్క అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఉదాహరణలన్నీ అక్కణ్ణుంచే తెచ్చాను. మన సంగతి చివర్లో కొంచెం మాట్లాడుకుందాం.

బాస్కెట్‌బాల్‌తో మొదలుపెడతాను. టెక్స్ వింటర్ అని ఒక పెద్దాయన. షికాగో బుల్స్ జట్టు, దాని స్టార్ మైకేల్ జోర్డాన్ అంటే మీలో అందరికీ తెలుసు. వాళ్ళ కోచ్ ఫిల్ జాక్సన్ అంటే సగం మందికి తెలుస్తుంది. టెక్స్ వింటర్ తెలిసినవాళ్ళు చేతులెత్తండి... ముగ్గురు. పర్లేదు, నేను అనుకున్నదానికంటే ఎక్కువే.

ఈయన 1922లో టెక్సస్‌లో పుట్టాడు. పదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. చిన్నప్పుడు ఒక బేకరీకి అట్టపెట్టెలు ఏరి తెచ్చిస్తే నిన్నటి రొట్టె ఇచ్చేవారట. ఆ తర్వాత కాలిఫోర్నియాలో కాలేజీ చదువు. మంచి పోల్‌వాల్టర్. 1944 ఒలింపిక్స్ మీద ఆశ పెట్టుకున్నాడు కానీ యుద్ధం వల్ల ఆ ఒలింపిక్సే జరగలేదు. ఈయన నేవీలో ఫైటర్ పైలట్‌గా వెళ్ళాడు. కాలేజీలో శామ్ బారీ అనే కోచ్ దగ్గర నేర్చుకున్న ఒక ఆటపద్ధతిని తర్వాత సొంతంగా సానబెట్టి, 1962లో దాని మీద పుస్తకమే రాశాడు. దాన్నే ఇప్పుడు ట్రయాంగిల్ అఫెన్స్ అంటున్నాం.

మీరంతా ఆట తెలిసినవాళ్ళు కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెబుతాను. సెంటర్ బుట్ట పక్కన పోస్ట్‌లో ఉంటాడు. ఇంకొకడు కోర్టు పక్కవైపు, అంటే వింగ్‌లో, మరొకడు అదే వైపు మూలన. ఈ ముగ్గురూ కలిస్తే త్రికోణం. మిగతా ఇద్దరు అవతలి వైపు. ఒక్కొక్కరి మధ్య దూరం 15 నుంచి 18 అడుగులు. ఆ దూరం మీద వింటర్‌కి విపరీతమైన పట్టింపు. దూరం తగ్గితే ఒకే డిఫెండర్ ఇద్దరిని కాచేస్తాడు, పెరిగితే పాస్ మధ్యలో తెగుతుంది. ఇందులో కోచ్ బెంచి మీంచి అరిచి చెప్పే ప్లేలు పెద్దగా ఉండవు. ఎదురుగా ఉన్న డిఫెండర్ ఎటు జరిగితే దాన్నిబట్టి బంతి ఎటు వెళ్ళాలో ఆటగాడే తేల్చుకోవాలి. అంటే ఐదుగురికీ ఒకేసారి ఒకే ఆలోచన రావాలి. అది రావాలంటే ఆరేడేళ్ళ పిల్లలకు నేర్పినట్టు పాసింగ్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. వింటర్ అదే చేశాడు. అప్పటికే ప్రపంచంలో అందరికంటే గొప్ప ఆటగాడు అనిపించుకుంటున్న జోర్డాన్, ఛాతీ దగ్గర్నుంచి బంతి అందించే చెస్ట్ పాస్‌లో కూడా తప్పులు పట్టేవాడు.

ఈయన్ని బుల్స్ జనరల్ మేనేజర్ జెర్రీ క్రౌస్ అసిస్టెంట్ కోచ్‌గా తెచ్చింది 1985లో. అప్పటికి ఈయన వయసు 63. వచ్చాక ఏం జరిగిందనుకున్నారు? నాలుగేళ్ళ పాటు ఏమీ జరగలేదు. అప్పటి హెడ్ కోచ్‌లకు ట్రయాంగిల్ అక్కర్లేదు. డగ్ కాలిన్స్ హయాంలోనైతే ఈయన్ని దాదాపు పక్కన కూర్చోబెట్టారు. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగంలో ఇదొక భాగం, మీలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది. చేతిలో మందు ఉంటుంది, రోగి పక్కనే ఉంటాడు, వెయ్యమనే అధికారం మాత్రం మనకుండదు. 1987లో ఇంకో అసిస్టెంట్ వచ్చాడు. ఆ కుర్రాడు ముసలాయన పక్కన చేరి ఆ పద్ధతంతా నేర్చుకున్నాడు. ఆ కుర్రాడే ఫిల్ జాక్సన్. 1989లో హెడ్ కోచ్ అయ్యాడు, ట్రయాంగిల్ తెచ్చాడు. 1991 నుంచి 93 దాకా వరసగా మూడు టైటిళ్ళు, 96 నుంచి 98 దాకా మళ్ళీ మూడు. ఆ తర్వాత ఇద్దరూ లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి వెళ్ళారు. అక్కడ 2000 నుంచి 2002 దాకా ఇంకో మూడు.

ఇక హాల్ ఆఫ్ ఫేమ్ లెక్క చూడండి. జాక్సన్‌ని 2007లో తీసుకున్నారు. జోర్డాన్‌ని 2009లో. జోర్డాన్ జతగాడు పిప్పెన్‌ని 2010లో. వింటర్ పేరు ఫైనలిస్టుల జాబితాలోకి చాలాసార్లు వచ్చింది, అన్నిసార్లూ వెనక్కి పోయింది. చివరికి 2011లో, బుల్స్‌లోనే ఆడిన డెనిస్ రాడ్‌మన్‌తో పాటు, తీసుకున్నారు. అప్పటికి ఈయనకు 89 ఏళ్ళు. రెండేళ్ళ ముందు స్ట్రోక్ వచ్చి మాట సరిగా రావడం లేదు. ఆయన తరఫున కొడుకు మాట్లాడాడు. ఇరవై ఏళ్ళ ముందే, మొదటి టైటిల్ నాటికే, ఎవరి బుర్రలోంచి వచ్చిన ఆటతో వీళ్ళు గెలుస్తున్నారో బాస్కెట్‌బాల్ లోకానికంతా తెలుసు. తెలిసి కూడా ఆయన నోరు పడిపోయేదాకా ఆగారు. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ ఎదుటి పక్షం వాళ్ళు రెండు మాటలంటారు. రెండూ కొట్టిపారేసేవి కావు.

ఒకటి, వింటర్‌ని అసిస్టెంట్‌గానే గౌరవించారని ఎలా చెబుతాం? ఆయన కాలేజీల్లో హెడ్ కోచ్‌గా 453 మ్యాచ్‌లు గెలిచినవాడు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ జట్టుని 1958లో, 64లో ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ కాలేజీ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్ళాడు. నిజమే. నా బాధ కూడా అదే. ఆ 453 లేకపోతే ఆ తొమ్మిది టైటిళ్ళ పని లెక్కలోకి వచ్చేదా అన్నది నాకు అనుమానం.

రెండో మాట ఇంకొంచెం గట్టిది. బుల్స్‌లో జోర్డాన్, పిప్పెన్, లేకర్స్‌లో షాక్, కోబీ లాంటి స్టార్లు ఉంటే ఏ పద్ధతైనా గెలుస్తుంది కదా? వింటర్ స్వయంగా హ్యూస్టన్ రాకెట్స్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళినప్పుడు ఆ జట్టు స్టార్ ఎల్విన్ హేస్‌తో పొసగలేదు, ఓటములే ఎక్కువ. న్యూయార్క్ నిక్స్‌లో ఫిల్ జాక్సన్ పెద్ద పదవిలో కూర్చుని ట్రయాంగిల్ ఆడించబోతే 2014-15 సీజన్‌లో 17 గెలుపులు, 65 ఓటములు. ఆ క్లబ్ చరిత్రలోనే అంత ఘోరం లేదు. మరి ఆ పద్ధతి గొప్పతనం ఏమైంది?

ఏమీ కాలేదు. బొమ్మ గీసి చూపించినంత మాత్రాన ఆట రాదని నిక్స్ నిరూపించింది. ట్రయాంగిల్ బొమ్మ పుస్తకంలో 1962 నుంచీ ఉంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. దాన్ని ఆటగాడి కాళ్ళలోకి, చేతుల్లోకి రోజూ పొద్దున్నే ఎక్కించే మనిషి కావాలి. షికాగోలో ఆ మనిషి ఉన్నాడు. నిక్స్ నాటికి ఆయనకు 92 ఏళ్ళు. అలాగే స్టార్ల సంగతి. జోర్డాన్ 1984లో లీగ్‌లోకి వచ్చాడు. మొదటి టైటిల్ 1991లో. మధ్యలో అంతా జోర్డాన్ లేడా? ఉన్నాడు. పాయింట్లు కూడా కుప్పలుగా కొట్టాడు.

ఇప్పుడు వాళ్ళ ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. అందులో డిక్ లెబో అని ఒకాయన. ఆటగాడిగా డెట్రాయిట్‌లో 1959 నుంచి 72 దాకా ఆడి, ప్రత్యర్థి పాస్‌లు 62 పట్టేశాడు. తర్వాత కోచింగ్. సిన్సినాటి జట్టులో ఉన్నప్పుడు జోన్ బ్లిట్జ్ అనే ఎత్తుగడకు రూపం ఇచ్చాడు. మీదికి దూసుకొస్తాడనుకున్న భారీకాయుడు వెనక్కి తగ్గి పాస్‌ని కాస్తాడు, వెనక ఉండాల్సినవాడు ఎక్కణ్ణుంచో మీద పడతాడు. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఎవరు వస్తున్నారో అర్థమయ్యేలోపు కింద ఉంటాడు. ఇవాళ ఆ లీగ్‌లో అది వాడని జట్టు ఉండదు. అదే లెబోని అదే సిన్సినాటి 2000లో హెడ్ కోచ్‌ని చేస్తే 12 గెలుపులు, 33 ఓటములు. తీసేశారు. మళ్ళీ పిట్స్‌బర్గ్‌కి వెళ్ళి డిఫెన్స్ చూసుకుంటే రెండు సూపర్ బౌల్‌లు, అంటే రెండుసార్లు లీగ్ ఛాంపియన్లు.

ఈ మనిషి జీవితమే ఒక పాఠం అనిపిస్తుంది నాకు. అసిస్టెంట్ అంటే హెడ్ కోచ్ కాలేకపోయినవాడు అనుకుంటాం. మన దగ్గరైతే మరీ. "ఇంకా అసిస్టెంటేనా?" అని చుట్టాలే అడుగుతారు. కానీ అవి రెండు వేర్వేరు పనులు. ఒకటి పదకొండుమందిని ఒక ఆలోచనలో పెట్టడం. రెండోది యజమానికీ, పత్రికలకూ, స్టార్లకూ మధ్య నలుగుతూ యాభైమందిని నడపడం. లెబో మొదటిదానికి పుట్టినవాడు. ప్రతి ఏడాదీ క్రిస్మస్ ముందురోజు తన ఆటగాళ్ళని కూర్చోబెట్టి చిన్నపిల్లలకు చెప్పే ఒక పాత క్రిస్మస్ పద్యాన్ని చూడకుండా అప్పజెప్పేవాడు. నూట యాభై కిలోల మనుషులు కదలకుండా వినేవాళ్ళు. 2010లో క్యాంటన్ హాల్ ఆయన్ని తీసుకున్నప్పుడు పిట్స్‌బర్గ్ జట్టు జట్టంతా వెళ్ళి కూర్చుంది. వాళ్ళు వెళ్ళింది తమ కోచ్ కోసం. హాల్ మాత్రం ఆయన్ని తీసుకుంది 1972లో ఆట మానేసిన డెట్రాయిట్ ఆటగాడిగా. అసిస్టెంట్‌గా నలభై ఏళ్ళకు పైగా చేసిన పనికి ఆ చీటీ మీద చోటే లేదు.

2022లో క్యాంటన్ వాళ్ళు అవార్డ్స్ ఆఫ్ ఎక్సలెన్స్ అని ఒకటి మొదలుపెట్టారు. అసిస్టెంట్ కోచ్‌లకు, ట్రైనర్లకు, ఆటసామాను చూసేవాళ్ళకు, ప్రచారం పనివాళ్ళకు. మంచిదే, వద్దనను. కానీ అది హాల్ సభ్యత్వం కాదు. కంచు విగ్రహం పెట్టరు. పైగా ఆట రూపాన్నే మార్చినవాణ్ణీ, ప్రెస్ పాసులు పంచినవాణ్ణీ ఒకే వరసలో నిలబెట్టడం నాకు మింగుడు పడలేదు. ప్రెస్ పాసులు పంచినవాళ్ళ మీద నాకు కోపం లేదు, చాలా పాసులు తీసుకున్నాను.

బేస్‌బాల్ సంగతి ఇంకా విచిత్రం. కూపర్స్‌టౌన్‌లో మేనేజర్లు ఉన్నారు (ఆ ఆటలో హెడ్ కోచ్‌ని అలా అంటారు), క్లబ్ అధికారులు ఉన్నారు, అంపైర్లు కూడా ఉన్నారు. కోచ్‌లకు మాత్రం గడే లేదు. డేవ్ డంకన్ అని పిచింగ్ కోచ్, మన లెక్కలో బౌలింగ్ కోచ్ లాంటివాడు. ఆయన చేతి కింద మూడు వేర్వేరు జట్లలో నలుగురు పిచర్లు, ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచారు. 1983లో లామార్ హోయ్ట్, 1990లో బాబ్ వెల్చ్, 1992లో డెనిస్ ఎకర్స్లీ, 2005లో క్రిస్ కార్పెంటర్. ఈ మూడు జట్లలోనూ ఆయన పైన ఉన్న మేనేజర్ ఒక్కడే, టోనీ లా రూసా. లా రూసా 2014లో హాల్‌లోకి వెళ్ళాడు. ఎకర్స్లీ అంతకు పదేళ్ళ ముందే వెళ్ళాడు. డంకన్ వెళ్ళలేదు. బుర్రకథ వినే అలవాటున్న ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నాజర్ పేరు అందరికీ గుర్తుంటుంది. పక్కన డక్కీ వాయిస్తూ కథను ముందుకి తోసిన వంతల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇక అదే బేస్‌బాల్‌లో ఫ్రాంక్ క్రొసెట్టి. న్యూయార్క్ యాంకీస్‌లో ఆటగాడిగా ఎనిమిది, కోచ్‌గా తొమ్మిది, మొత్తం 17 వరల్డ్ సిరీస్‌లు, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లు, గెలిచిన జట్లలో ఉన్నాడు. థర్డ్ బేస్ దగ్గర నించుని రన్నర్లకు 'పరిగెత్తు, ఆగు' అని సైగ చేసే పని ఏళ్ళకేళ్ళు చేశాడు. 17! గెలుపుకి ఇచ్చే ఉంగరాలకు వేళ్ళు చాలవు. ఈయన హాల్‌లో లేడు. ఇక్కడ మీలో కొందరికి నచ్చకపోవచ్చు గానీ, లేకపోవడమే సబబు అంటాను. ఆ కాలం యాంకీస్‌లో ఎవరు సైగ చేసినా వాళ్ళు గెలిచేవాళ్ళు. ఒకేచోట ఎక్కువకాలం ఉన్నవాడికి సన్మానం చెయ్యండి, శాలువా కప్పండి, పెన్షన్ పెంచండి. హాల్ ఆఫ్ ఫేమ్‌కి సర్వీసు రికార్డు చూడకూడదు. ఈ మనిషి లేకపోతే ఆ ఆట వేరేగా ఉండేదా? అది ఒక్కటే చూడాలి. వింటర్‌కి అవునని చెప్పగలం. లెబోకి చెప్పగలం. డంకన్‌కి నా మటుకు నేను చెబుతాను, మీరు వాదించవచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు ఎవరికి తెలుస్తుంది? ఓట్లు వేసేది చాలావరకు మా విలేఖరులు, పాత క్రీడాకారులు, అధికారులు. మాకు మ్యాచ్ కనిపిస్తుంది, మంగళవారం పొద్దున ప్రాక్టీసు కనిపించదు. ఆలోచన ఎవరిదో బయటివాడు తేల్చడం చాలా కష్టం. మన క్రికెట్‌లోనే చూడండి. 2021 జనవరి 19న ఆస్ట్రేలియాలో ముగిసిన గబ్బా టెస్టు. షమీ, ఉమేశ్, బుమ్రా, అశ్విన్ అందరూ గాయాలతో బయటికి. సిరాజ్, శార్దూల్, నటరాజన్, సైనీ, వాషింగ్టన్ సుందర్ మిగిలారు. వీళ్ళే ఆస్ట్రేలియా ఇరవై వికెట్లూ తీశారు. రెండో ఇన్నింగ్స్‌లో మన హైదరాబాద్ సిరాజ్ 73 పరుగులకు ఐదు. ఆ సిరీస్ అంతా ఆఫ్ సైడ్ ఆట కట్టేసి, లెగ్ సైడ్ ఫీల్డ్ పెట్టి బౌలింగ్ చేసిన ఎత్తుగడ గురించి అందరూ బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్‌ని పొగిడారు. విజయవాడలో పుట్టినాయన, హైదరాబాద్ రంజీ జట్టుకి కోచ్‌గా ఉన్నప్పుడే సిరాజ్‌ని తీర్చిదిద్దినాయన. ఆయనేమో, జులైలో అప్పటి హెడ్ కోచ్ రవిశాస్త్రి ఫోన్ చేసి ఆఫ్ సైడ్ మూసెయ్యాలి అన్నాడు, అక్కణ్ణుంచే మొదలైంది అని ప్రెస్ ముందు చెప్పాడు. ఎంతమంది అసిస్టెంట్లు అలా చెబుతారు? ఎంతమంది హెడ్ కోచ్‌లు తిరిగి చెబుతారు? ఇప్పుడు ఆ ఘనతను ఎవరి ఖాతాలో వేస్తారు? స్కోరుబోర్డు చూసి చెప్పగలిగేది కాదది.

మన ద్రోణాచార్య అవార్డు 1985 నుంచి ఉంది. మన దగ్గర ఎస్.ఎం. ఆరిఫ్ గారికి, గోపీచంద్‌కి, నాగపురి రమేశ్‌కి వచ్చింది, అందరూ అర్హులే. కానీ ప్రతి ఏడాదీ జాబితా రాగానే ఫలానా అమ్మాయికి ఊళ్ళో మొదట నేర్పిన పీఈటీ సార్ ఎవరు, హాస్టల్లో చూసిందెవరు, జాతీయ శిబిరంలో చివరి ఆర్నెల్లు ఉన్నదెవరు అన్న గొడవ మొదలవుతుంది. దరఖాస్తు ఫారం నింపడం బాగా వచ్చినవాడు ముందుంటాడు. ఇంతకంటే ఇక్కడ చెప్పను, మీకే బాగా తెలుసు.

నేను చెప్పదలుచుకున్నది, ఆటగాళ్ళని అడగండి అని. దానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం అమెరికా ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ ఆటగాళ్ళు రాసిన ఉత్తరం. 1981 సీజన్ చివర. జట్టు బాగా ఆడటం లేదు. హెడ్ కోచ్‌ని తీసేస్తారని అందరికీ తెలుసు. కొత్త హెడ్ కోచ్ వస్తే పాత అసిస్టెంట్లు ఇళ్ళకు పోవడం రివాజు. డిఫెన్స్ చూసే బడ్డీ ర్యాన్ పోతాడని భయపడ్డ ఆటగాళ్ళు యజమాని జార్జ్ హాలాస్‌కి ఉత్తరం రాశారు. రాయడంలో ముందున్నవాళ్ళు అలన్ పేజ్, గ్యారీ ఫెన్సిక్. పేజ్ అప్పటికే లా చదివినవాడు, తర్వాత మిన్నెసోటా సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. డిఫెన్స్ వాళ్ళందరూ సంతకాలు పెట్టారు. మా కోచ్‌లని మాకు ఉంచండి, అంతే. హాలాస్‌కి అప్పుడు 86 ఏళ్ళు. ప్రాక్టీసుకి వచ్చి, ఉంచుతున్నానని వాళ్ళకే చెప్పాడు. ఆ తర్వాతే మైక్ డిట్కాని హెడ్ కోచ్‌గా పెట్టుకున్నాడు. అంటే డిట్కా వచ్చేసరికి అసిస్టెంట్ ముందే కుర్చీలో ఉన్నాడు!

వాళ్ళిద్దరికీ క్షణం పడేది కాదు. 1985లో మయామీ మీద మ్యాచ్ హాఫ్ టైమ్‌లో కొట్టుకునేదాకా వెళ్ళారు. ఆ సీజన్‌లో వాళ్ళు ఓడింది ఆ ఒక్క మ్యాచే. 15 గెలుపులు. సూపర్ బౌల్ ఫైనల్లో 46-10. ఆట అయిపోయాక డిట్కాని భుజాల మీద ఎత్తుకున్నారు, మామూలే. డిఫెన్స్ వాళ్ళు బడ్డీ ర్యాన్‌ని కూడా ఎత్తుకుని మోసుకెళ్ళారు. అసిస్టెంట్‌ని మొయ్యడం ఆ ఫైనల్‌కి ముందు ఎవరూ చూసి ఉండరు. తర్వాత ర్యాన్ రెండు జట్లకు హెడ్ కోచ్‌గా వెళ్ళాడు, సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లైన ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. 2016లో చనిపోయాడు. క్యాంటన్ హాల్‌లో లేడు.

ఇప్పుడు ఓటు వేసేవాడి దగ్గర రెండు కాగితాలుంటాయి. ఒకటి ర్యాన్ హెడ్ కోచ్ రికార్డు. రెండోది ఆయన ఉద్యోగం పోతుందేమోనని ఆటగాళ్ళు సంతకాలు పెట్టిన ఉత్తరం. ఇన్నాళ్ళూ మొదటి కాగితమే చూస్తున్నారు. రెండోది కూడా చూసేలా నియమం రాయాలి. అసిస్టెంట్ కోచ్‌లకు విడిగా ఒక ఓటు, అది ఏటా ఇవ్వాలని లేదు, నాలుగేళ్ళకొకరు చాలు. ఆ పేరు ప్రతిపాదించే హక్కు ఆయన దగ్గర నేర్చుకున్న ఆటగాళ్ళకే ఉండాలి. కనీసం రెండు వేర్వేరు జట్లవాళ్ళు ఉంటే మరీ మంచిది, మొహమాటం సంతకాలు తగ్గుతాయి. ద్రోణాచార్యకు కూడా ఇదే చెయ్యొచ్చు. కోచ్ తన దరఖాస్తు తానే నింపుకునే పద్ధతి పోయి, అథ్లెట్ రాసిన ఉత్తరం మొదటి కాగితం కావాలి.

దీంట్లో లొసుగులు లేవని అనను. స్టార్ ఆటగాడు తన స్నేహితుణ్ణి తోసెయ్యొచ్చు, మాట చెల్లని ఆటగాళ్ళ కోచ్ వెనకబడిపోవచ్చు. వాటి గురించి మీరు నాకంటే బాగా ఆలోచించగలరు. సమయం కూడా అయిపోతోందని నిర్వాహకులు చీటీ పంపారు. ఇక ప్రశ్నలు తీసుకుందాం. ముందు వెనక వరసలో ఉన్న ఆ కబడ్డీ సార్‌కి మైక్ ఇవ్వండి, క్రొసెట్టి పేరెత్తిన దగ్గర్నుంచీ చెయ్యి దించలేదు ఆయన.